కొండ లేని పెండిల్ హిల్

అంకుల్ పోయాక పెట్టిన సంస్మరణ కూటంలో చర్చి పెద్ద ఒకాయన కాగితం చూసి చదివారు. కాకినాడలో పుట్టారట, ఇంజనీరింగ్ చదివారట, ఫలానా దేశంలో ఫలానా ఉద్యోగాలు చేశారట. వెనక వరుసలో కూర్చుని నేను పళ్ళు కొరుక్కున్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, అలాగని ఒక్క ముక్కలోనూ ఆయన లేరు. టార్చిలైటు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని, బాయిలర్ కడుపులోకి రెండు చేతులూ దూర్చి, ఆ టార్చి పక్కనుంచే పాట పాడే మనిషి సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని చివరిదాకా చూశాను. ఎవరూ ఎత్తలేదు. సరే, నేనే చెప్తాను.

మేం ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో కొన్నేళ్ళుండి ఎనభైల చివర్లో సిడ్నీ వచ్చాం. ఆస్ట్రేలియా అంటే ఎండే కదా అని ఉన్ని బట్టలన్నీ అక్కడే దానం చేసి వచ్చిన తెలివైన దంపతులం. జూన్ వచ్చింది, ఇక్కడ అదే చలికాలం. బయట చలి సంగతి సరే, ఇంట్లో చలి! ఇంగ్లండ్‌లో వీధిలో కాళ్ళు కొయ్యబారినా ఇంట్లోకి అడుగుపెడితే వెచ్చగా ఉండేది. ఇక్కడ ఇళ్ళు కట్టినవాళ్ళు శీతాకాలం అనేది ఒకటుందని ఒప్పుకోలేదు. ఒక శనివారం సిడ్నీలోనే పెండిల్ హిల్ అనే పేటలో శ్రీలంక వాళ్ళ కొట్లో కందిపప్పు కోసం నిలబడి, "దీనికంటే లీడ్సే నయం" అని మా ఆయన దగ్గర సణుగుతున్నాను.

"లీడ్స్ నయమేంటమ్మా, తప్పు! బర్న్‌లీ నయం," అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే పొట్టిగా, గుండ్రంగా, మెడకి ఎర్ర మఫ్లరుతో, చేతిలో కొబ్బరికాయతో ఒక పెద్దాయన. ఆయనే అంకుల్. "యార్క్‌షైర్ వాళ్ళా? అయ్యో పాపం. మీ తప్పేం లేదులే, ఉద్యోగం ఎక్కడొస్తే అక్కడుంటాం. మా ఇంటికి రండి, టీ తాగుదురుగాని. ఇల్లు వెచ్చగా ఉంటుంది," అన్నారు.

ఇంగ్లండ్‌లో మా లీడ్స్ ఉన్న యార్క్‌షైర్‌కీ, ఆయన బర్న్‌లీ ఉన్న పక్క జిల్లా లాంకషైర్‌కీ పడదు. గోదావరి వాళ్ళూ గుంటూరు వాళ్ళూ ఒకళ్ళ వంటల మీద ఒకళ్ళు వేళాకోళాలాడుకున్నట్టే. కాకినాడ ఆయనా, తెనాలి నేనూ ఎవరిదో తగవు సముద్రాలు దాటించి తెచ్చుకుని, మా సొంత ఆస్తిలా కాపాడుకున్నాం. ఆయన బతికున్నంత కాలం నన్ను పరిచయం చేసేటప్పుడు, "ఈ అమ్మాయి యార్క్‌షైర్. కానీ మంచిదే," అనేవారు.

ఆ రోజు వాళ్ళింటి తలుపు తెరవగానే వేడి ముఖానికి తగిలింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా చెప్తున్నాను. గదిగదికీ ఇనుప రేడియేటర్లు, వాటిలోకి వేడినీళ్ళు పంపడానికి వెనక వరండా మూల గ్యాసు బాయిలర్. ఎక్కడో పాత హాస్టలు పడగొడుతుంటే వెళ్ళి రేడియేటర్లు కొని, వ్యానులో తెచ్చి, తన చేతులతో తనే గొట్టాలు బిగించుకున్నారట. సిడ్నీలో చెక్క ఇంట్లో సెంట్రల్ హీటింగా అని వీధి వీధంతా నవ్విందట. నవ్విన వాళ్ళే జులైలో ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చి, రేడియేటర్‌కి వీపు ఆనించి కూర్చునేవారు.

రేడియేటర్‌లో గాలి చేరితే పైభాగం చల్లబడిపోతుంది. అది వదలడానికి బుల్లి తాళంచెవి ఒకటుంటుంది. ఆయన దాన్ని కారు తాళాలతో కలిపి జేబులో ఉంచుకునేవారు. ఎవరింటికి వెళ్ళినా చెయ్యి దానంతటదే గోడ తడుముకునేది. అక్కడ రేడియేటర్ లేదని గుర్తొచ్చి, వాళ్ళకేదో ఆప్తులు పోయినట్టు "ప్చ్" అనేవారు.

మా కబుర్లకి అంతుండేది కాదు. పొద్దున్నే గుమ్మంలో పెట్టిన పాలసీసా మూత పొడిచి పిట్టలు మీగడ తాగిపోవడం, వానలో గొడుగేసుకుని ఐస్‌క్రీం తినడం, బస్ కండక్టరమ్మ అక్కడ అందర్నీ పిలిచినట్టే మా ఆయన్నీ "లవ్" అని పిలిస్తే ఆయన వారం రోజులు అద్దం చూసుకోవడం. మన దేశం గురించి బెంగపడితే అర్థముంది, మన కాని దేశం గురించి ఇద్దరు తెలుగువాళ్ళు మూడో దేశంలో కూర్చుని బెంగపడటం ఏమిటని మా ఆయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే రేడియేటర్ పక్క కుర్చీ మాత్రం వదిలేవాడు కాదు.

ఈ కబుర్లన్నిట్లో నోరు కలపని మనిషి ఆ ఇంట్లో ఒకరుండేవారు. ఆంటీ, అంటే అంకుల్ భార్య. టీ ఇచ్చి, బిస్కట్లు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. కారణం నాకు ఆవిడే చెప్పారు, ఉల్లిపాయలు తరుగుతూ.

బర్న్‌లీలో వాళ్ళ వంటింటి కిటికీలోంచి ఒక కొండ కనబడేది. దాని పేరు పెండిల్ హిల్. ఆ ఊళ్ళో పెద్ద గాయక బృందం ఉండేది, ఆంటీ అందులో ఆల్టో. ఆల్టో అంటే ఆడవాళ్ళ రెండో వరస, కింది స్థాయిలో నడిచేది. మంగళవారం సాయంత్రం రిహార్సల్ అంటే, అంకుల్ జ్వరంతో మూలుగుతున్నా పక్కన జావ పెట్టి వెళ్ళిపోయేవారట. ఇరవై ఏళ్ళ స్నేహాలన్నీ అక్కడే. అలాంటి మనిషిని మాటమాత్రం అడక్కుండా అంకుల్ సిడ్నీ ఉద్యోగానికి ఒప్పేసుకుని, సంతకం పెట్టి వచ్చి, రాత్రి అన్నాల దగ్గర చెప్పారు.

"సరే, మగబుద్ధి అనుకున్నా. తర్వాత ఇల్లు చూడమ్మా. సిడ్నీ మ్యాప్‌లో పెండిల్ హిల్ అన్న పేరు కనబడిందట. ఫోన్‌లోనే బేరం చేసి కొనేశారు. 'నీ కొండ దగ్గరే ఇల్లు తీసుకున్నానోయ్, సర్‌ప్రైజ్' అన్నారు. నేనూ నమ్మాను. టాక్సీ దిగి చూస్తే ఏముందీ? స్టేషనూ, పాలకొట్టూ. కొండేదండీ అన్నా. ఈయన అటు చూసి, ఇటు చూసి, 'వెనకవైపు ఉండొచ్చు' అన్నారు!"

ఇక్కడి పెండిల్ హిల్ చూసినవాళ్ళకి తెలుసు. స్టేషన్ దగ్గర కాస్త ఎత్తు, అంతే. సైకిలు దిగి నడిపించాల్సిన అవసరం కూడా రాదు. ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు పేరు మోసుకొచ్చారు, కొండని తేలేకపోయారు. ఆ గుమ్మంలో సూట్‌కేసుల మధ్య నిలబడి ఆంటీ అన్నారట, "ఈ నేల మీద నిలబడి నేను పాడను. ఒట్టు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి ఆంటీ, ఇన్నేళ్ళయింది," అన్నాన్నేను. ఆవిడ కత్తి ఆపి నా వైపు చూశారు. నేను గబగబా కొత్తిమీర ఏరాను.

అంకుల్ ఊరుకునే రకం కాదు. ఆయనే ఇక్కడ ఒక కాయిర్, అంటే గాయక బృందం, పెట్టారు. నెలకోసారి జరిగే తెలుగు ఆరాధనలో పాడటానికని పేరు, రిహార్సల్స్ మాత్రం వాళ్ళింట్లో, వంటింటికి పక్క గదిలోనే. ఇల్లు వెచ్చగా ఉంటుంది గనక అందరూ వచ్చేవారు, నాలాంటి హిందువులతో సహా. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు కీర్తనల ధైర్యంతో నేనూ వెళ్ళాను. ఒక్కొక్కరు ఒక్కో వరస ఒకేసారి పాడుతుంటే నాకు మతిపోయింది. "ఇదేంటి అంకుల్, ఎవరి దారి వాళ్ళదేనా?" అన్నాను.

"ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు మాట్లాడుతుంటే ఇల్లు నిండుగా ఉండదూ? అంతే అమ్మాయ్. లిజన్ చేస్తూ పాడు, అదే వస్తుంది," అన్నారు.

మాకు శ్రుతిపెట్టె లేదు. వరండాలో బాయిలర్ సన్నగా హూంకరిస్తూ ఉండేది, ఆయన దానికి చెవి ఒగ్గి, "ఆఁ, అందుకోండి" అనేవారు. ఒకసారి రిహార్సల్ మధ్యలో అది ఆగిపోయింది. శ్రుతి పోయింది, వేడీ పోయింది. అందరం కోట్లేసుకుని కూర్చున్నాం. ఆయన బోర్లా పడుకుని, టార్చి కరిచిపట్టుకుని, "మీరాపకండి, మీరాపకండి" అంటూ తన వరస తను గుర్రుగుర్రుమని పాడుతూనే మరలు విప్పారు. ఒక చెయ్యి వెనక్కి చాచారు, ఏమీ అడగలేదు. వంటింట్లోంచి ఆంటీ వచ్చి ఆ చేతిలో స్పానర్ పెట్టి వెళ్ళిపోయారు. సరిగ్గా కావలసిన సైజుదే. బర్న్‌లీలో చుట్టుపక్కల ఇళ్ళ బాయిలర్లన్నీ ఈయన బాగుచేస్తుంటే పక్కన టార్చి పట్టుకున్నది ఆవిడేనని నాకప్పుడు తెలిసింది. అలిగిన మనిషి స్పానర్ ఎందుకందించింది అని ఇంటికెళ్ళేదాకా ఆలోచించాను.

పాటల్లో ఆయన కుట్ర ఇంకొకటుండేది. ఆల్టో వరస పాడే ఇద్దరమ్మాయిలకీ నేర్పే నెపంతో దాన్ని తనే దొంగగొంతుతో పాడి, ఒకేచోట, ప్రతిసారీ, కావాలని తప్పు పాడేవారు. ఆంటీకి తప్పు ఆల్టో వింటే ఒళ్ళు కంపరం. తట్టుకోలేక బయటికొచ్చి సరిదిద్దుతుందని ఆయన ఆశ. వంటింట్లోంచి గిన్నె మీద మూత ఠంగుమని పడేది. ఆయన ముఖం వెలిగిపోయేది. "విన్నావా? వింటోంది!" అనేవారు నా చెవిలో. ఎంతకాలం గడిచినా మూత మోతే తప్ప మనిషి రాలేదు.

అప్పుడు పడవ కొన్నారు. ఇద్దరు పట్టే చిన్న తెరచాప పడవ, అప్పటికే దాని అడుగున రెండు మాసికలు. కాకినాడలో సముద్రం పక్కన పుట్టి, పడవ నడపడం మాత్రం లాంకషైర్‌లో ఒక మిల్లు చెరువు మీద నేర్చుకున్న ఘనుడాయన. "ఇప్పుడిదెందుకు అంకుల్?" అంటే చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మీ ఆంటీ ఏమంది? 'ఈ నేల మీద నిలబడి' అంది. నీళ్ళ గురించి మాటొచ్చిందా? రాలేదు. బోట్‌లో నిలబడక్కర్లేదు కూడా, కూర్చునే పాడొచ్చు."

ఈ వాదన ఆంటీకి చేరింది. "నాకు లా చెప్తున్నారా? ఎక్కను," అన్నారు. ఎక్కకపోయినా ప్రతి శనివారం, సముద్రపు పోటూ పాటూ లోపలిదాకా వచ్చే జార్జెస్ నది ఒడ్డుకి కార్లో వచ్చేవారు. కారు నదివైపు తిప్పి పెట్టించుకుని, లోపలే కూర్చుని స్వెటర్ అల్లుకునేవారు. పడవలో రెండో మనిషిగా నేను ఖాయమయ్యాను. గాలి తిరిగినప్పుడు తెరచాప కింది దుంగ విసురుగా అటు నుంచి ఇటొస్తుంది. ఆయన "వంగు!" అనేలోపు అది నా తలకి తగిలేది. "యార్క్‌షైర్ బుర్ర, ఏం కాదు," అనేవారు.

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ ఉండగా ఒక ఆగస్టులో ఆంటీ నాతో అన్నారు, "వచ్చే నెల బర్న్‌లీ వెళ్తున్నానమ్మా. కాయిర్‌లో నా చోటు ఇంకా ఉంచారట, ఫోన్ చేశారు. టికెట్ తీసుకున్నా."

"ఎప్పుడొస్తారు?"

"చూద్దాం," అన్నారు. ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు. ఆవిడ ఉత్తినే అనే మనిషి కాదు.

అంకుల్‌కి తెలుసు. వాదించలేదు, బతిమాలలేదు. రాత్రింబవళ్ళు ఏదో ఒకటి బాగుచేస్తూ కూర్చున్నారు. బాగానే ఉన్న బాయిలర్‌ని విప్పి మళ్ళీ బిగించారు. మఫ్లరు కూడా మర్చిపోయి తిరుగుతున్నారు. నాకు ఆయన్ని చూస్తే జాలి, ఆ వెంటనే కోపం.

ఆంటీ ప్రయాణానికి ముందు శనివారం కూడా నదికి వెళ్ళాం. పాట ఒడ్డుకి వినబడాలని పడవని ఒడ్డువారనే నడపడం ఆయన పద్ధతి. ఆ రోజు మరీ దగ్గరికి, మడచెట్ల పక్కకి పోనిచ్చారు. సముద్రం పాటు మీద ఉందన్న సంగతి, కాకినాడ మనిషి, మర్చిపోయారు! నీళ్ళు కాళ్ళ కింద దుప్పటి లాగేసినట్టు వెళ్ళిపోయాయి. పడవ బురదలో కూర్చుంది. దిగితే మోకాళ్ళ దాకా కూరుకుపోతాం. ఎదురుగా, కేకేస్తే వినబడే దూరంలో ఆంటీ కారు.

"ఏం పర్లేదు, పోటొస్తే అదే లేపుతుంది. ఈలోపు ప్రాక్టీస్," అని క్రిస్మస్‌కి అనుకున్న పాట ఎత్తుకున్నారు. ఎత్తుకుని, మళ్ళీ ఆ ఆల్టో. మళ్ళీ అదే చోట తప్పు. కారు అద్దం పైకి వెళ్ళిపోవడం నేను చూశాను. ఆయన మళ్ళీ పాడారు, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త తప్పుగా. నాకు ఒళ్ళు మండింది.

"ఆపండి అంకుల్! ఆంటీకి ఎప్పుడైనా సారీ చెప్పారా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "సారీ ఏంటి? సెంట్రల్ హీటింగ్ పెట్టించాను కదా!"

"నోటితో చెప్పారా?"

"కాయిర్ పెట్టాను. బోట్ కొన్నాను. ఇవన్నీ ఎందుకో ఆవిడకి తెలీదూ?"

"తెలిస్తే టికెట్ ఎందుకు కొంటారండీ?"

 ఆయన చుక్కాని వదిలేసి ఒడ్డున కారుకేసి తిరిగారు. బురదలో ఎండ్రకాయలు టకటకమంటున్నాయి. పెద్దవాళ్ళ మధ్య వేలు పెట్టానా అని నాకు భయం పట్టుకుంది. అప్పుడాయన లేచి నిలబడ్డారు. 

"ఏమోయ్!" అని అరిచారు ఒడ్డుకేసి. "నిన్ను అడక్కుండా ఒప్పేసుకున్నాను! తప్పు నాదే!"

ఒడ్డున చేపలు పడుతున్న తెల్లాయన ఒకడు కంగారుపడి లేచాడు. "ఆర్ యూ ఓకే, మేట్?"

"నాట్ ఓకే! ఐయామ్ అపాలజైజింగ్ టు మై వైఫ్!"

"గుడ్ ఆన్ యా!" అని మెచ్చుకుని వాడు మళ్ళీ కూర్చున్నాడు.

కారు అద్దం దిగింది. "ఏంటీ? వినబడలేదు!" అన్నారు ఆంటీ. నదికి అవతలి ఒడ్డున కుక్క కూడా విని మొరుగుతోంది, ఆవిడకి వినబడలేదట. ఆయన మళ్ళీ అరిచారు. "ఆఁ?" అన్నారావిడ. ఆయన ఇంకోసారి అరిచారు, ఈసారి గొంతు జీరపోయింది. "నీ కాయిరూ, నీ స్నేహితులూ, అన్నీ పోగొట్టాను. అడగాల్సింది. అడగలేదు. కొండ ఉందో లేదో కూడా చూసుకోలేదు. అదీ నా తప్పే!"

కారు తలుపు తెరుచుకుంది. ఆంటీ దిగి, చెప్పులు విడిచి జాగ్రత్తగా బానెట్ మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తిన్నగా బురదలోకి నడిచారు. పిక్కల దాకా దిగాక ఆగారు.

"ఆ ఆల్టో అలా కాదు," అన్నారు. "ఎన్నాళ్ళు వినాలి నేను ఆ దరిద్రం?"

పాడారు. అంత కింది స్థాయిలో ఒక ఆడగొంతు అంత నిబ్బరంగా నడవడం నేనంతకుముందు వినలేదు. బురద నేల కిందికొస్తుందా నీళ్ళ కిందికొస్తుందా అని అంకుల్ నోరు తెరవబోతుంటే కాలు తొక్కాను. నేను పై వరస అందుకున్నాను. ఆయన అందుకోలేకపోయారు. ఇన్నాళ్ళూ తప్పు వరస పాడీ పాడీ తన సొంత వరస మర్చిపోయారో, మరి ఏడుస్తున్నారో, ముఖం అటు తిప్పుకున్నారు.

"పాడండి! ఇప్పుడు నోరు పెగలదేం?" అని ఆంటీ గదిమారు. అప్పుడు కలిశారాయన. మూడు గొంతులే, అయినా ఇల్లు నిండినట్టే ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి మధ్యలో రెండుసార్లు శ్రుతి తప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. పాడిన పాటే పాడుతూ, మధ్యమధ్య దెబ్బలాడుకుంటూ, పోటు వచ్చేదాకా గడిపాం.

నీళ్ళు మెల్లగా పాకి వచ్చి పడవని లేపాయి. ఆంటీ నిలబడ్డ దగ్గరికే తెడ్డుతో నెట్టుకొచ్చారు అంకుల్. నేను ఎవరూ చెప్పకుండానే దిగిపోయాను. ఆవిడ నా భుజం ఆసరా చేసుకుని, బురద కాళ్ళతోనే ఎక్కి, చీర సర్దుకుని నా చోట్లో కూర్చున్నారు. ఆయన తెరచాప తాడు చేతిలోకి తీసుకున్నారు. లాగబోయి, ఆగారు.

"ఎటు పోదామంటావ్?" అన్నారు.

ఆంటీ తొందరపడలేదు. ఎగువకి చూశారు, దిగువకి చూశారు, సముద్రం ఉన్న వైపు చాలాసేపు చూశారు. ఆ తర్వాత ఆయన వైపు తిరిగారు.

"అడిగారు కదా," అన్నారు. "ఇక ఎటైనా సరే, పోనివ్వండి."